మెచ్చుకోని ఇంట్లో వంటల పోటీ

మా ఇంట్లోవాళ్లతో కూర్చుని టీవీ చూడటం కంటే బస్టాండులో నిలబడి చూడటం నయం. అక్కడైతే మధ్యలో బస్సు వచ్చి కొంతమందైనా వెళ్లిపోతారు.

బాన్సువాడ బజారులో మాది స్టీలు సామాను దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. నాయన సరుకు కోసం ఊళ్లు తిరుగుతుంటే గల్లా దగ్గర అమ్మ కూర్చునేది. కేబుల్ వచ్చిన కొత్తలో టీవీని ఆ తలుపుకు ఎదురుగా పెట్టించింది. గల్లా మీద నుంచి లేవకుండానే చూడొచ్చు, చూస్తూనే మాట్లాడొచ్చు. నా కష్టాలకు మొదలు ఆ రెండో సౌకర్యమే.

అప్పట్లో సాయంత్రాలు ఒక హాస్య ధారావాహిక వచ్చేది. ఒక ఆఫీసు, అందులో ఏడెనిమిది మంది, పని తప్ప అన్నీ చేస్తుంటారు. నాకది ప్రాణం. అమ్మ మొదటి రోజే అడిగింది.

"వీళ్లు ఏం అమ్ముతరే?"

"ఏం అమ్మరమ్మా. అది ఆఫీసు."

"మరి గిరాకీ?"

"గిరాకీ రాదు."

"పొద్దంత గిరాకీ లేకుంటే గీ చాయలు ఎవరి పైసలతోని తాగుతుండ్రు?"

నేను జవాబు వెతుక్కునేలోపు జోకు దాటిపోయింది. తర్వాత నాకూ అదే ఫికర్ పట్టుకుంది. మేనేజరు మూడోసారి చాయ్ తెప్పించినప్పుడు అందరూ పడీ పడీ నవ్వుతుంటే, ఈ దుకాణం ఎన్నాళ్లు నడుస్తుందా అని నేను దిగులుపడ్డాను.

వంటల పోటీలతో ఇంకో రకం గోల. జడ్జి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, అద్భుతం అంటాడు. అమ్మకు ఒళ్లు మండిపోయేది. "గట్ల మొహం మీదనే మెచ్చుకుంటే ఇగ ఆ వండినామె కిందికి దిగుతదా?" అనేది. మా ఇంటి పద్ధతి అది. కొనే సరుకును ఎదుటివాడి ముందు మెచ్చుకోకూడదు. గిన్నెను తిప్పి చూడాలి, వేలితో కొట్టి చూడాలి, అంచు వంకరగా ఉందనాలి, ఆ తర్వాతే ధర అడగాలి. ఈ అలవాటు దుకాణం తలుపు దాటి ఇంట్లోకీ వచ్చేసింది. ఎవరు ఏం వండినా అమ్మ "తినొచ్చు" అనేది. అంతకు మించి ఒక్క మాట వచ్చేది కాదు. అమ్మనే అనడం దేనికి, పెళ్లిచూపుల్లో నేను కూడా అబ్బాయి కొంచెం పొట్టి అన్నాను. చేసుకున్నది అతన్నే.

ఇవన్నీ నా పెళ్లికి ముందు సంగతులు. మద్నూర్‌లో ఇచ్చిన మా అక్క హైదరాబాద్ వెళ్లి ఒక వంటల పోటీలో పాల్గొంది. ఆ కార్యక్రమం శనివారం మధ్యాహ్నం వస్తుందని, ఒక్కసారే వేస్తారని దుకాణానికి ఫోన్ చేసి నాతో చెప్పింది.

"నేను వస్తున్న చెల్లె. అమ్మ పక్కన కూసొని చూస్త. నా వంట మంచిగున్నదని అమ్మ నోటితోని ఒక్కసారి వినాలె. పెండ్లయి పన్నెండేండ్లయింది, ఇంకా వినలే."

"గెలిచినవా?"

"రెండో నంబరు. అమ్మకు చెప్పకు, చూసినంక తెలుస్తది."

"గా సంగతి నాకు ఇడిచిపెట్టు," అన్నాను. నా జీవితంలో చెడిపోయిన బేరాలన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి.

నా ఆలోచన ఇది. కొనడానికి వచ్చిన గిరాకీకి మొదట సొట్టపడిన గిన్నె చూపించి తర్వాత మంచిది తీస్తే, ఆ మంచిది ఇంకా మెరుస్తుంది. అందుకని అమ్మతో, అక్క మొదటి రౌండ్లోనే ఓడిపోయిందట అని చెప్పాను. చివరిదాకా వెళ్లిందని టీవీలో చూస్తే ఆ ఆశ్చర్యంలో నోరు జారి ఒక మంచి మాట అంటుందని నా లెక్క. అమ్మ ఒక గిన్నె అందుకుని తుడుస్తూ కూర్చుంది. అప్పుడే అనుమానపడాల్సింది.

శనివారం ఒంటిగంటకు అమ్మ టీవీ ముందు నుంచి లేచి దుకాణంలోకి వెళ్లి, ఎప్పుడూ మూయని ఆ మధ్య తలుపు మూసేసింది. వెంట పరుగెత్తాను.

"నువ్వు చూసుకో," అంది. "నా బిడ్డ ఓడిపోవుడు ఊరంత చూస్తది. నేను గూడ చూడాల్నా?"

సరిగ్గా అప్పుడే అక్క బస్సు దిగి, పక్క సందులోంచి ఇంట్లోకి వచ్చింది. చేతిలో సంచీ, కట్టుకున్నది కొత్త చీర. నేను తిరిగి వచ్చేసరికి మూసిన తలుపు వంక చూస్తోంది.

"అమ్మేది?"

చెప్పక తప్పలేదు. "నువ్వు ఓడిపోయినవని చెప్పిన. ముందుగాల తక్కువ చేసి చెప్తే, తర్వాత..."

"నేనేమన్న బగోననా?" అంది అక్క. బగోన అంటే మా దగ్గర వంట గిన్నె. వెళ్లి టీవీ ముందు ఒక్కతే కూర్చుంది. కార్యక్రమం మొదలైపోయింది.

మళ్లీ దుకాణంలోకి పరుగు. జుక్కల్ నుంచి వచ్చిన ఒకామె బగోన పట్టుకుని అంచు వంకరగా ఉందంటోంది. అమ్మ లేదంటోంది.

"అమ్మా, నేను అబద్ధం చెప్పిన. అక్కకు రెండో బహుమతి వచ్చింది. రా."

"పొద్దుగాల ఒక మాట, ఇప్పుడొక మాట. నాతోనే బేరమాడుతున్నవా?"

ఎంత చెప్పినా నమ్మదు. నన్ను పెంచింది ఆమే కదా. చివరికి ఆ జుక్కల్ ఆమెకే విసుగొచ్చింది. "బిడ్డ టీవీల వస్తుందంటే గల్లా పట్టుకొని కూసున్నవేంది అక్కా? పా, నేను గూడ చూస్త," అని బగోన చంకన పెట్టుకుని ముందు నడిచింది. బేరం తెగని సరుకు లోపలికి వెళ్లిపోతుంటే అమ్మ వెంటపడక ఏం చేస్తుంది?

చివరి పది నిమిషాలు దొరికాయి. జడ్జి అక్క చేసిన గుత్తి వంకాయ నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అద్భుతం అన్నాడు. రెండో బహుమతి ఇచ్చాడు. అక్క టీవీ చూడటం లేదు, అమ్మ మొహమే చూస్తోంది.

"గంత మెచ్చుకొని రెండోది ఇచ్చిండా?" అంది అమ్మ. "మెచ్చుకోకుంట మొదటిదియ్యొచ్చు గద."

జుక్కల్ ఆమె నవ్వింది. అక్క నవ్వలేదు. ఇక బేరానికి నేను దిగాను.

"వంట ఎట్లున్నదో చెప్పమ్మా."

"టీవీల రుచి తెలుస్తదా?"

"చూసి చెప్పు. చాలా మంచిగున్నదను."

"తినొచ్చు."

"పోనీ, 'చాలా' ఇడిచిపెట్టు. మంచిగున్నదను."

"రంగు మంచిగనే వచ్చింది."

అంతే, అక్కడి నుంచి ఒక్క మెట్టు కదల్లేదు. అక్క లేచి వంటింట్లోకి వెళ్లింది. ఏడవడానికే వెళ్లిందనుకుని వెనకే వెళ్లాను. వంకాయలు కోస్తోంది. నావైపు చూడను కూడా చూడలేదు.

గంటన్నరకు కూర అయింది. జుక్కల్ ఆమె ఈలోగా అమ్మ చెప్పిన ధరకే బగోన తీసుకుని వెళ్లిపోయింది. అమ్మ జొన్న రొట్టెతో మొదలుపెట్టింది. సగం రొట్టె ఇంకా ఉండగానే కూర అయిపోయింది, కంచం ముందుకు జరిపింది. అక్క గంటెలోకి వంకాయలు తీసుకుని, కంచం దాకా తెచ్చి, అక్కడ ఆపేసింది.

"ఎట్లున్నది?"

"ఎయ్యి."

"చెప్పినంకనే ఏస్త."

అమ్మ నా వంక చూసింది, ఇదంతా నేనే నేర్పినట్టు. నేను గోడ వైపు చూశాను. గంటె నుంచి నూనె కారి కంచం అంచు మీద పడుతోంది.

"మంచిగున్నది," అంది అమ్మ, కంచంలోకి చూస్తూ.

గంటె దిగలేదు.

"మంచిగున్నదంటున్న గద. నేను చేసినదానికంటె మంచిగున్నది. ఇగ ఎయ్యవే, రొట్టె చల్లారుతుంది."

అక్క వేసింది. ఒకటి కాదు, నాలుగు వంకాయలు. ఆ మాట కోసం మధ్యాహ్నమంతా ఆ గది నుంచి ఈ గదికి ఉరికింది నేను. నేనూ కంచం చాపాను. ముందు పోయి దుకాణం చూడమన్నారు, ఇద్దరూ ఒకేసారి.