దక్షిణపు గోడ మీది పటం

2022లో నాకు గద్వాలకు బదిలీ అయింది. డిగ్రీ పిల్లలకు జాగ్రఫీ చెప్పడం నా పని. ఆ కాలేజీలో జాగ్రఫీ డిపార్ట్‌మెంటు అంటే నేనొక్కదాన్నే. హెడ్డూ నేనే, స్టాఫూ నేనే, మీటింగు పెట్టాలంటే అద్దం ముందు కూర్చోవాలి. మేడ మీద చివరి గది ఇచ్చారు. అందులో రెండు బల్లలు, ఇరుసు విరిగి పక్కకు ఒరిగిన గ్లోబు, చుట్టలు చుట్టి మూలన నిలబెట్టిన పాత మ్యాపులు ఉండేవి. మాది నాగర్‌కర్నూల్ దగ్గర తెలకపల్లి. ఆయన పోయి ఏళ్లయింది, పిల్లలు లేరు, ఇంటికి తాళం వేసి వచ్చాను. గద్వాలలో బస్టాండు దగ్గర గది అద్దెకు తీసుకున్నాను. పాఠం చెప్పే వేళ తప్ప రోజంతా నోరు విప్పని రోజులుండేవి. దాచడమెందుకు, బెంగగా ఉండేది.

మా సబ్జెక్టు గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. జాగ్రఫీ పరీక్షలో మ్యాప్ పాయింటింగ్ అని ఒక ప్రశ్న ఉంటుంది. గీతలు మాత్రమే ఉన్న ఖాళీ మ్యాపు ఇస్తారు, అడిగిన నదినో ఊరినో అందులో గుర్తించాలి. మిగతా జవాబులకు మార్కులు ఎలా పడతాయో దేవుడికెరుక గానీ, దీనికి మాత్రం ఖాయం. అందుకే మేం పాఠంలో సగం మ్యాపుతోనే చెబుతాం. నేనైతే పీపీటీలు, అంటే కంప్యూటర్లో తయారుచేసి తెర మీద చూపించే పాఠాలు, ముచ్చటపడి చేసుకునేదాన్ని. నా స్లైడ్లలో నదులు కదిలేవి, రుతుపవనాలు బాణాల్లా దూసుకొచ్చేవి. వాటిని చూసి నాకు నేనే మురిసిపోయేదాన్ని.

ఆ ఏడాది మొదటి సంవత్సరం బి.ఎ.లో రేణుక చేరింది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నడిగడ్డలో ఒక పల్లె వాళ్లది. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కళ్లూ పోయాయి. ముందు బెంచీలో కూర్చునేది, మడత కర్ర ఒళ్లో పెట్టుకుని. నా నదులు తెర మీద కదులుతుంటే ఆమె నా గొంతు వచ్చే వైపు తల తిప్పి కూర్చునేది.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, ఆ అమ్మాయిని సోషియాలజీకి మారమని నచ్చజెప్పండి, మ్యాపులతో ఏం అవస్థ పడుతుంది పాపం అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. గదికి పిలిచి, ఎందుకమ్మా ఈ సబ్జెక్టు తీసుకున్నావని అడిగాను.

"బళ్లె పటం గంట వస్తె నన్ను వరండల కూసోబెడుతుండిరి మేడం. లోపట అందరు గీస్తుండిరి. నాకొక్కదానికే పని లేకుండె. పరీక్షల కూడ పటం కాడ నన్ను ఇడిసిపెట్టి పోతుండిరి. ఈసారన్న ఆ ప్రశ్న నేను జేస్త. మార్చకుండ్రి మేడం."

బతిమాలినట్టు లేదు ఆ గొంతు. నిర్ణయం అయిపోయాక మనకు తెలియజేసినట్టుంది. నేనూ తక్కువ మొండిదాన్ని కాదు గనక, ఎదుటి మొండితనం నాకు తొందరగా అర్థమవుతుంది. మార్చడం లేదని ప్రిన్సిపాల్ గారికి చెప్పేశాను.

టాక్టైల్ మ్యాప్ అని ఒకటుంటుంది, వేళ్లతో తడిమి చదివే పటం. కొనడానికి ఎక్కడా దొరకలేదు, నేనే చేశాను. ప్లైవుడ్ ముక్క మీద సుతిలి తాడుతో తీరం అతికించాను. నదులకు నూలు దారం, హిమాలయాలకు చింతగింజలు, పడమటి కనుమలకు జొన్నలు, థార్ ఎడారికి ఇసుక. ఆదివారాలు గదిలో కింద కూర్చుని బంకతో కుస్తీ పడుతుంటే ఇంటి యజమానురాలు తొంగిచూసి, ఏంది మేడం, గింజలతో ముగ్గేస్తున్నవా అంది. ఆమెకేం జవాబు చెప్పానో గుర్తులేదు. ఆ ఆదివారాలు మాత్రం తొందరగా గడిచాయి.

పటాన్ని క్లాసులో బోర్డు పక్కన మేకుకు తగిలించాను. మ్యాపులు తగిలించే చోటు అదే గదా. రేణుకను ముందు నిలబెట్టి, పైన కాశ్మీరు, కింద కన్యాకుమారి, ఎడమకు అరేబియా సముద్రం, కుడికి బంగాళాఖాతం అని చేయి పట్టి చూపించాను. మిగతా పిల్లలు రెండ్రోజులు వింతగా చూసి మళ్లీ ఫోన్లలో పడ్డారు. రేణుక మాత్రం రోజూ క్లాసయ్యాక నిలబడి తడిమేది. ముఖంలో ఏదో తికమక కనిపించేది. అలవాటు లేక అనుకున్నాను.

ఇంటర్నల్ పరీక్ష వచ్చింది. అంటే కాలేజీలోనే మేం పెట్టుకునే చిన్న పరీక్ష. ముంబై ఎక్కడమ్మా అన్నాను. వేలు నేరుగా తూర్పు తీరానికి పోయింది. చెన్నై అంటే కేరళ పక్కన ఆగింది. కలకత్తాను తీసుకెళ్లి గుజరాత్‌లో పెట్టింది. కాశ్మీరు, కన్యాకుమారి మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తిక్కరేగింది. ఎన్నిసార్లు చెప్పిన, ఎడమ ఏందో కుడి ఏందో తెల్వదా అని గట్టిగానే అన్నాను.

ఆమె చేతులు కిందికి దించింది.

"ఎడమ తెలుసు మేడం. గీ గోడ దక్షిణం దిక్కున్నది. నేను దక్షిణానికి మొగం జేసి నిలబడ్డ. నా ఎడమ చెయ్యి దిక్కు తూర్పు. మీరేమో గా దిక్కునే పడమటి సముద్రం అంటరు. బొంబాయి పడమట ఉంటదని నాకు తెలుసు. గందుకే పడమటి దిక్కు పెట్టిన."

నిజమే. మా బోర్డు దక్షిణపు గోడకు ఉంది.

మా దిక్కు ఇళ్లలో ఎడమలు, కుడులు అనరు. ఉప్పు డబ్బా తూర్పు మూలకుంది, మంచం జర పడమటికి జరుపు, ఉత్తరం దిక్కు చెంబుంది తే అంటారు. నేనూ అలా పెరిగినదాన్నే. చదువుకుని, మ్యాపులు పట్టుకుని తిరిగి తిరిగి, ఉత్తరమంటే కాగితానికి పై అంచు అనే లెక్కలో పడిపోయాను. కళ్లున్న పిల్లలకు ఇబ్బంది రాలేదంటే, వాళ్లు మ్యాపును బొమ్మగా చూసి బట్టీ పట్టేస్తారు. తాము నిలబడ్డ నేలకూ ఆ బొమ్మకూ వాళ్లు ముడిపెట్టరు. రేణుకకు ఉన్నది ఆ నేల ఒక్కటే. అక్కడినుంచే ఆమె లెక్క మొదలవుతుంది.

పటాన్ని మేకు మీదినుంచి తీసి నేల మీద పరిచాను, కాశ్మీరును ఉత్తరానికి పెట్టి. ఉత్తరానికి మొగం జేసి కూసోమన్నాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తీరం వెంబడి ఒక చుట్టు చుట్టింది. మెల్లగా ముఖం విప్పారింది.

"ఇగ సక్కగున్నది మేడం. సముద్రం దాని జాగకు అది వొచ్చింది."

మళ్లీ అడిగాను. ముంబై, చెన్నై, కలకత్తా, అన్నీ సరిగ్గా పెట్టింది. అప్పుడు నవ్వినవాళ్ల వైపు తిరిగి, ఇక్కడినుంచి హైదరాబాద్ ఎటుందో చెయ్యి చూపించండని అడిగాను. సగం మంది బోర్డు వైపు, అంటే నిక్కచ్చిగా దక్షిణానికి, చూపించారు. ఒకడు ఏకంగా కప్పు వైపు చూపించాడు. రోజూ హైదరాబాద్ బస్సులు చూసే పిల్లలు వీళ్లు.

ఆ రోజునుంచి నా పద్ధతి మార్చుకున్నాను. స్లైడ్లు తగ్గించి, వరండాలో పటం పరిచి, చుట్టూ కూర్చోబెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. అందరూ మారిపోయారని రాస్తే బాగుండేది గానీ అలా జరగలేదు. కొన్నాళ్లు కూర్చున్నారు, తర్వాత ప్యాంట్లకు దుమ్మవుతుందన్నారు, గివన్ని పరీక్షకు వస్తయా మేడం అన్నారు. ఒక్కొక్కరే బెంచీలకు వెళ్లిపోయారు. చివరికి పటం దగ్గర మిగిలింది రేణుకా, నేనూ.

ఆ పిల్లలు చెడ్డవాళ్లేం కాదు. ఆమెను గేటు దాకా చేయి పట్టి దింపేవాళ్లు, బస్సెక్కించేవాళ్లు. టిఫిన్ డబ్బా తెరిచే వేళకు మాత్రం ఎవరి గుంపు వాళ్లది. స్టాఫ్‌రూములో నా సంగతీ అంతే, అందరూ నమస్తే మేడం అంటారు, ఎవరూ జరిగి చోటివ్వరు. అందుకని మధ్యాహ్నాలు మేమిద్దరం నా గదిలో, కింద, పటానికి చెరో పక్కన కూర్చుని తినేవాళ్లం. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. తను తింటూనే ఎడమ చేత్తో గోదావరి వెంట పోయేది.

దేశమంతా తెలిసింది గానీ మన దిక్కు తెలుస్తలేదు, మనది సిన్నగైంది అని ఒకరోజు అంది. సరేనని పాలమూరు ప్రాంతానికి వేరే చిన్న పటం చేశాను. కృష్ణకు లావు తాడు, తుంగభద్రకు సన్న తాడు, అమ్రాబాద్ అడవికి ఒత్తుగా చింతగింజలు, ఊళ్లకు చొక్కా గుండీలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చూపించాక ఆమె అడిగింది, మీ ఊరేది మేడం అని. నాగర్‌కర్నూల్ గుండీ మీదినుంచి ఆమె వేలు పట్టి తెలకపల్లికి జరిపాను.

"గింత దగ్గరనా! మరి ఐతారం పోరా మేడం?"

ఆదివారాలు ఎక్కడికీ పోనమ్మా అన్నాను. ఎవరున్నరు పోనీకి అని కూడా అన్నాను. గద్వాలలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆమె ఓదార్చలేదు. తెలకపల్లి గుండీ మీద వేలు అలాగే ఉంచి, రెండో చేత్తో అన్నం తినడం ముగించింది.

యూనివర్సిటీ పరీక్ష దగ్గర పడింది. నా భయం నాకుంది. చూపు లేనివారికి మ్యాప్ ప్రశ్న బదులు వేరే ప్రశ్న ఇస్తారు, దాన్ని వాళ్లు చెబుతుంటే స్క్రైబ్, అంటే పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి, రాస్తారు. మా అమ్మాయి తడిమే పటం మీద మ్యాప్ పాయింటింగ్ చేయగలదు, అనుమతించండి అని కాలేజీ తరఫున యూనివర్సిటీకి రాయించాను. ఫోన్లు చేశాను. ఒకసారి స్వయంగా వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పాను కూడా. అక్కడి అధికారి మర్యాదగానే విన్నారు. అది వాళ్ల సౌకర్యం కోసమే పెట్టిన నిబంధన కదమ్మా, ఉన్న సౌకర్యాన్ని వద్దంటారేమిటి అన్నారు. సౌకర్యం కాదండీ, ఆమెకు ఆ ప్రశ్నే కావాలి అన్నాను. వచ్చే ఏడు చూద్దామన్నారు. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పరీక్ష రోజు నేను వరండాలో ఉన్నాను. రేణుక బయటికొచ్చి, నా అడుగులు గుర్తుపట్టి ఆగింది. బాగా రాసినవా అంటే మంచిగనే రాసిన అంది. కర్ర మడతలు విప్పుతూ చెప్పింది.

"నడుమల అందరికి పటం కాయితాలు పంచిండ్రు మేడం. సప్పుడు ఇనొచ్చింది. ఒక్కొక్క బల్ల కాడ ఆగుకుంట వొచ్చిండ్రు. నా బల్ల కాడ ఆగలె."

చేయి పట్టుకుని నా గదికి తీసుకెళ్లాను. ప్రశ్నపత్రంలోని మ్యాప్ ప్రశ్న చదివి, ఒక్కొక్కటే అడిగాను. నేల మీది పటంలో అన్నీ గుర్తించింది. ఆ మార్కులు ఏ లెక్కలోకీ రావని ఇద్దరికీ తెలుసు. ఆమె చేయి దులుపుకుని లేచి, బస్సుకు టైమైందంది.

ఆ తర్వాత కూడా ప్రతి సెమిస్టర్‌కూ అడిగాం, ప్రతిసారీ వచ్చే ఏడే అయింది. మూడేళ్లలో డిగ్రీ పాసైంది, మార్కులు బాగానే వచ్చాయి. వెళ్లేముందు చిన్న పటం అడిగింది, ఇచ్చేశాను. ఆ మధ్యాహ్నం నుంచి మళ్లీ ఒక్కదాన్నే తింటున్నాను. గదిలో పెద్ద పటం ఉంది, కాశ్మీరు ఉత్తరానికి పెట్టి. ఊడ్చే ఆమె దాన్ని కదపకుండా చుట్టూ ఊడ్చి పోతుంది.

మొన్న రేణుక ఫోన్ చేసింది. ఇంట్లో పటాన్ని ఉత్తరం దిక్కు చూసి పరుచుకున్నానని చెప్పింది. ఊళ్లో వాళ్లొస్తే అందరికీ వాళ్ల చుట్టాల ఊళ్లు చూపిస్తోందట. తర్వాత ఇంకో మాట చెప్పింది.

"మేడం, మీ ఊరి గుండీ ఊసిపోయింది. నాగర్‌కర్నూల్‌కు తూర్పు దక్షిణం మూలకు, వేలంత దూరం. అతికించిన. ఎవ్వర్ని అడగలె."

ఏ పరీక్ష హాలూ ఆమెకు ఇవ్వని ప్రశ్న అది. తనే వేసుకుని, తనే జవాబు పెట్టింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను తెర మీద నదులను పరుగులు పెట్టించాను. పాఠం మాత్రం విద్యార్థి ఏ దిక్కుకు ముఖం పెట్టి నిలబడిందో చూసుకున్నాకే మొదలవుతుందని ఈ అమ్మాయి దగ్గర తెలిసింది. ఇప్పుడు కొత్త బ్యాచ్ వస్తే మొదటిరోజు మ్యాపును గోడ మీదినుంచి దించుతాను. ఇకపోతే, నడిగడ్డలో ఒక ఇంట్లో తెలకపల్లి ఎక్కడుందో తెలిసిన మనిషి ఉంది. వచ్చే ఐతారం ఒకసారి పోయి ఇంటి తాళం తీసి రావాలి.