బరువు కింద పెట్టిన మూతలు

2022. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒక మోల్డ్ షాపులో నాది డిజైన్ పని. మోల్డ్ అంటే కరిగిన ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు. విరుదునగర్‌లో ఒక ఫ్యాక్టరీకి పప్పుల డబ్బా మూతకు అచ్చు చేసిచ్చాం. చల్లారాక మూత నడుమ ఉబ్బుతోందని ఫిర్యాదు వచ్చింది. దీన్ని వార్పేజ్ అంటారు. ఎంత ఉబ్బిందో కొలిచి, కంప్యూటర్‌లో క్యాడ్ బొమ్మను అంతే ఎదురు వంచి, ఆ లెక్కన ఉక్కును మళ్ళీ చెక్కాలి.

నేనే వెళ్ళి కొలుస్తానన్నాను. "ఆడపిల్లవి, మిషన్ దగ్గర నీకేం పని? మూతలు పార్సెల్‌లో వస్తాయి," అన్నాడు మా మొదలాళి, అంటే షాపు యజమాని. నలుగురి ముందు అన్నాడు. ఆ నలుగురూ ఎవరో ఇప్పటికీ చెప్పగలను.

పార్సెల్‌లో వచ్చిన మూతల ఉబ్బు అర మిల్లీమీటరే. అంతే ఎదురు వంచాను. ఉక్కు చెక్కారు. ఫ్యాక్టరీలో తీసిన ట్రయల్ మూత ఇంకా ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉబ్బే ఉందని ఫోన్ వచ్చింది.

"ఇంకోసారి తప్పితే ఆ కుర్చీ ఖాళీ చెయ్," అన్నాడు మొదలాళి.

ఈసారి ఎవరినీ అడగలేదు. సెలవు పెట్టి విరుదునగర్ బస్సెక్కాను.

ఫ్యాక్టరీలో మిషన్ నడిపే మేరీది కూడా ఇంట్లో తెలుగే. వేడి మూతలను రెండు పలకల మధ్య పేర్చి, పైన ప్లాస్టిక్ గుళికల మూట ఎత్తి పెడుతోంది. దగ్గరికెళ్ళి అడిగాను.

"ఎందుకక్కా ఇట్లా?"

"కోవిల్‌పట్టికి పంపే సాంపుల్ పాపా. వంకరుంటే ఆ బొమ్మ గీసే పిల్లకు తిట్లు పడతాయంట. పోయినసారీ ఇట్లే సదరం చేసి పంపితిమి."

"ఆ పిల్లను నేనే అక్కా."

ఆమె ముఖం వెలిగింది. "అట్లనా? తిట్లు తప్పినాయా మరి?"

ఎవరితోనో పోట్లాడాలనే వెళ్ళాను. ఆమెతో ఒక్కటే అన్నాను: "ఇకమీద వంకర వంకరగానే పంపక్కా."

బరువు పెట్టని పది మూతలు తెచ్చి, ఒక రోజు చల్లారనిచ్చి కొలిచాను. మొదటి సాంపుల్స్ అణచి పంపారని, అందుకే ఉబ్బు తక్కువ కనిపించిందని మొదలాళికి చెప్పాను.

"ఎవరు? పేరు చెప్పు."

చెబితే నా మాట నిలిచేది, ఆమె పని పోయేది. చెప్పలేదు.

"సాకులు," అన్నాడు.

రెండో దిద్దుబాటుతో మూత డబ్బా మీద చదునుగా కూర్చుంది. నా కుర్చీ మిగిలింది. ఆ 'సాకులు' అన్న మాట వెనక్కి తీసుకోమని రెండుసార్లు అడిగాను, తీసుకోలేదు. మూడోసారీ అడుగుతాను.

ఇప్పుడు ఏ సాంపుల్ వచ్చినా, మిషన్ దాటాక దానికేం జరిగిందో తెలుసుకోకుండా కొలవను. అడిగేది ఆఫీసును కాదు, మిషన్ దగ్గర నిలబడేవాళ్ళను. సదరం చేసిన మూతల వల్లే నాకు తిట్లు పడ్డ సంగతి ముందు చెబుతాను, తర్వాతే వాళ్ళ పని గురించి అడుగుతాను.