సాయిలు మీసం

మా అబ్బాయి గడ్డం గీసుకునేటప్పుడు వచ్చే సబ్బు నురగ వాసనకు నాకిప్పటికీ సాయిలు గుర్తొస్తాడు.

సాయిలు మా నాయిన దోస్తు. పటాన్‌చెరు పక్కన మా ఊళ్లో కొసలు కిందికి వంచిన మీసం మొదట పెట్టింది అతనే. అందుకే క్షౌరం చేసే రాజయ్య తాతతో సహా ఊరంతా దాన్ని సాయిలు మీసం అనేది.

కొత్త ఫ్యాక్టరీకి పునాది తవ్వుతుంటే మట్టి విరిగిపడి సాయిలు చనిపోయాడు. కొన్నాళ్లకు నాయిన రాజయ్య తాత ముందు కూర్చుని, "నాకు సాయిలు మీసం పెట్టు" అన్నాడు.

నాకప్పుడు ఆరేళ్లు. చనిపోయినవాడి మీసమే తెచ్చి అతికించారనుకున్నాను. ఆ రోజు నాయిన అన్నం ముద్ద నోటికందిస్తే గోడకు నక్కి అరిచాను.

"నువ్వు సాయిలువి! మా నాయిన్ని ఏడ దాసినవ్?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "భయపడకు బిడ్డా, తీసేస్త తియ్" అన్నాడు నాయిన.

మర్నాడు నున్నటి మూతితో, సబ్బు నురగ వాసనతో వచ్చాడు. నేను పరుగెత్తి చంకెక్కాను.

చూసిన ప్రతివాడూ ఆ పేరు అనాలనే నాయిన ఆ మీసం పెట్టుకున్నాడని చాలా ఏళ్లకు తెలిసింది. మా ఇంట్లో సాయిలు పేరు చివరిసారి పలికింది నేనే. అదీ దయ్యాన్ని తరిమినట్టు.