చూడడానికే రాయించిన కాగితం

మా ఆయనకు వారం నుంచి విరేచనం నల్లగా అవుతోంది. సూరత్ పక్కన జోల్వా మిల్లులో మగ్గాల మధ్య కళ్లు తిరిగి పడేదాకా ఆ సంగతి నాకు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే మేముండే ఉన్ బస్తీ నుంచి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. గొంతులోంచి కెమెరా గొట్టం దింపి కడుపు చూడాలన్నారు.

వరుసలో నిలబడ్డప్పుడు ఆయన నా చెవిలో అన్నాడు: "జూసుడొక్కటే అని రాయించు. ఇలాజ్, మందులు అంటే పండవెడ్తరు. నాలుగు దినాలు పోకపోతే సేటు నా మగ్గాలు ఇంకొకనికి అప్పజెప్తడు."

"రక్తం పోతున్నా మగ్గాల ముచ్చటేనా?"

"మగ్గాలు వోతే రక్తముండి ఏం జేస్కుంటం?"

మగ్గాల పనివాళ్లందరూ అలాగే రాయిస్తారు.

కౌంటరులో ఉన్నది సూరత్‌లోనే పెరిగిన తెలుగు పిల్ల. "మాసీ, సిర్ఫ్ చూసుడేనా? సూది గిట్ల ఇయ్యాల్సొస్తే బీమాకు వేరే కోడ్ ఉంటది."

"చూసుడే" అన్నాను. బీమా కార్డు మీద ఆ కోడే పంపింది. కాగితం కింద నా పేరు నేనే రాశాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వేలిముద్ర వేయలేదని కాస్త మురిసిపోయాను కూడా.

ఆయన్ని లోపలికి తీసుకెళ్లిన గంట తర్వాత డాక్టరు బయటికొచ్చాడు. కడుపులో పుండు ఉందని, రక్తం ఊరుతోందని, గొట్టంలోంచే పుండు చుట్టూ సూది మందు ఎక్కించాలని హిందీలో చెప్పాడు. వెంటనే ఎక్కించమన్నాను. దానికి బీమా నుంచి వేరే మంజూరు రావాలట. మెల్లగా ఊరుతోంది కాబట్టి సెలైన్‌లో మందు ఇస్తూ చూస్తాను, ఎక్కువైతే మంజూరు కోసం ఆగను అన్నాడు.

కౌంటరుకు పరుగెత్తాను. ఆ పిల్ల తెర నావైపు తిప్పింది. రెండు కోడ్‌లు, ఒక్కోదానికి ఐదంకెలు. అంకెలు నాకు బాగా వచ్చు. మొదటి నాలుగూ ఒకటే, చివరిదే వేరు.

"గదొక్కటి మార్చు బిడ్డా."

"నా చేతుల లేదు మాసీ. మళ్ల పంపిన. బీమావాళ్ల జవాబ్ రావాలె."

"ఎప్పుడొస్తది?"

"ఆజ్ నహీ తో కల్. ఇయ్యాల కాకుంటే రేపు."

"గప్పటిదాంక రక్తం ఆగుతదా?"

ఆ పిల్ల తెరను మళ్లీ తనవైపు తిప్పుకుంది. నా వెనుక ఎవరో గుజరాతీలో తొందరపెట్టారు. పక్కకు జరిగాను. ఎవరిని బతిమాలాలో తెలిస్తే కాళ్లు పట్టుకునేదాన్నే. పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

సాయంత్రమైనా జవాబు రాలేదు. మా ఆయన కళ్లు తెరిచి, గొంతు గీసుకుపోయి, "అయిపోయిందా? పోదమా?" అన్నాడు.

"లేదు. రేపు మళ్ల గొట్టమేస్తరంట."

"మళ్లనా?" అని గొంతు పట్టుకున్నాడు. తప్పెవరిదని అడగలేదు. అడిగితే బాగుండు అనిపించింది.

రక్తం తగ్గితే గోరుకు ఎరుపు ఆలస్యంగా తిరిగొస్తుందని నర్సు చూపించినట్టు ఆయన గోరు నొక్కి వదిలాను. తెల్లబడింది. ఎరుపు తిరిగి వచ్చేదాకా చూశాను. తర్వాత ఇంకో గోరు నొక్కాను.