డొల్ల గిటార్ల డాక్టరు

పళ్ల డాక్టరు బావకి ఒకే ఒక్క పట్టుదల ఉండేది. బేస్ గిటారంటే వయొలిన్ ఆకారంలో ఉండాలి, లోపల డొల్లగా ఉండాలి. ఈ రెండు లక్షణాలూ లేని గిటారుని ఆయన చేత్తో ముట్టడు. ముట్టకపోతే పోయె, అది ఉన్న గదిలో కూర్చోవలసి వస్తే మాటిమాటికీ దానివైపు చూసి, పుచ్చిపోయిన దవడ పన్ను కనపడినట్టు మొహం పెడతాడు. ఇందులో ఒక తిరకాసు ఉంది. పన్ను డొల్ల అయితే పీకి పారేస్తాడు, గిటారు డొల్ల అయితే కొని ఇంటికి తెచ్చుకుంటాడు. వృత్తికీ ప్రవృత్తికీ మధ్య ఇంత పగ పెట్టుకున్న మనిషిని బావమరిది మరొకణ్ని చూడలేదు.

బావమరిది అంటే డాక్టరుగారి భార్యకి తమ్ముడు. పగలు అచ్చాఫీసులో పెద్ద మిషను నడుపుతాడు, సాయంత్రాలు డ్రమ్స్ వాయిస్తాడు. బావా, పాడే టీచరమ్మా, కీబోర్డు కుర్రాడూ ఉన్న వాళ్ల చిన్న బ్యాండుకి నాయకుడూ అతనే, నౌకరూ అతనే, సామాను మోయడానికి వ్యాను మాట్లాడేదీ అతనే. సంగీతం మనుషుల్ని కలుపుతుందని వేదికల మీద చెప్పేవాళ్లని చూస్తే అతనికి ఒళ్లు మండేది. ఒక బ్యాండుని ఒక పూట ఒక గదిలో పెట్టి, తన్నుకోకుండా చూడమనండి, ఆ తరవాత మాట్లాడదాం అనేవాడు. అతనికి ఉన్న ఇంకో ఫిర్యాదు ఈ కాలం మనుషుల మీద. ఎవరూ నోరు విప్పి మాట్లాడరట. అందరూ నోట్లో అన్నం పెట్టుకున్నట్టు గొణుగుతారట.

బావ గిటారుని మొదటిసారి చూసిన ప్రతివాడూ, ఇంత పెద్ద ఫిడేలు గడ్డం కింద ఎలా పెడతారండీ అని అడుగుతాడు. రెండోవాడు, కమాను ఇంట్లో మర్చిపోయారా అంటాడు. బావకి కోపం రాదు. వాణ్ని కూర్చోబెట్టి, గిటారు వీపు మీద వేలితో తట్టి, లోపల గాలి ఎలా పలుకుతుందో వినిపిస్తాడు. గట్టి చెక్కతో చేసిన మామూలు గిటారు మెడలో వేసుకుంటే తిరగలి రాయి మోసినట్టుంటుందనీ, ఇది పిల్లి ఒళ్లో పడుకున్నంత తేలికనీ చెబుతాడు. మొదలుపెట్టాడంటే ఆపడు. అడిగినవాడు వాచీ చూసుకుంటాడు, చెప్పులు వెతుక్కుంటాడు, ఇంట్లో పని గుర్తొచ్చిందంటాడు. లేచి పోగలిగినవాళ్లు పోతారు.

పోలేనివాళ్లు ఆయన దగ్గరికి పళ్లు చూపించుకోడానికి వచ్చినవాళ్లు. కుర్చీ వెనక్కి వాలి ఉంటుంది, నోరు తెరిచి ఉంటుంది, నోట్లో అద్దమూ దూదీ గొట్టమూ ఉంటాయి. పైన బావ ఉంటాడు.

"చెప్పండి, డొల్ల చెక్కకి ఉన్న నాదం గట్టి చెక్కకి ఎక్కడినుంచి వస్తుంది? వస్తుందా?"

"ఆఁ... ఆఁ..."

"అదీ. సంగీతం తెలిసినవారు మీరు."

ఇలా ఆయన వాదనని కొన్ని వందలమంది నోరు తెరుచుకుని ఒప్పుకున్నారు. ఎదురు చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నా, వాళ్లు చెప్పింది కూడా "ఆఁ" అనే వినపడి ఉంటుంది.

ఇల్లు ఇంకో కథ. సోఫా మీద ఒక గిటారు పడుకుని ఉంటుంది, బట్టల బీరువాలో ఒకటి కోట్ల మధ్య వేలాడుతుంటుంది, ఒకటి తలుపు వెనక, ఒకటి మంచం పక్కన. గోధుమరంగుది, తేనెరంగుది, ఎరుపు నలుపు కలిసినది. చుట్టాలొస్తే అక్క ముందు గిటార్లని లేపి, తరవాత చుట్టాలని కూర్చోబెట్టాలి. ఇన్ని ఎందుకండీ అని ఆవిడ అడిగితే, ఒక్కోదాని గొంతు ఒక్కోలా ఉంటుందని బావ సమాధానం. అన్నీ 'దుమ్ దుమ్' అనే కదా అంటున్నాయి అంటే, నీకు అలా వినపడటం నీ దురదృష్టం అనేవాడు. ఆ తరవాత ఒక పూట ఆయన వంట ఆయనే చేసుకునేవాడు.

వీటన్నిటికంటే బావమరిదిని వేపుకు తిన్నది వేరే ఉంది. అది బావ కూర్చునే చోటు.

బేస్ వాయించేవాళ్లు నిలబడి వాయిస్తారు. బావ కూర్చుంటాడు. కూర్చునేవాళ్లు నాలుగు అడుగుల దూరంలో కూర్చుంటారు. బావ తన కుర్చీని ఈడ్చుకొచ్చి, బావమరిది ఎడమ పక్కకి ఇరికించి, గిటారు మొదలు అతని కుర్చీ వీపుకి ఆనించి మరీ కూర్చుంటాడు. నడుము నొప్పి మొదలయ్యాక బావమరిది డ్రమ్స్ స్టూలు మానేసి చెక్క కుర్చీ వాడుతున్నాడు. ఆ కుర్చీకీ బావ గిటారుకీ పెళ్లయిపోయినట్టే. ఎంత పెద్ద వేదికైనా సరే, మిగతా మైదానమంతా ఖాళీగా పడి ఉంటుంది, వీళ్లిద్దరూ బస్సులో చివరి సీటు దొరికినవాళ్లలా ఒకరి మీద ఒకరు పడి ఉంటారు. కర్ర ఎత్తిన ప్రతిసారీ బావమరిది మోచెయ్యి బావ చెవిని తాకేది.

జరగమంటే ఒకటే జవాబు. స్పీకరుకి ఎదురుగా వెళితే డొల్ల గిటారు ఊళ పెడుతుంది, ఇక్కడైతే పెట్టదు. ఆ మాట నిజమే కాబట్టి బావమరిదికి వాదించడానికి ఏమీ దొరికేది కాదు. వాదించడానికి ఏమీ దొరకని మనిషి మీద వచ్చే కోపం మామూలు కోపం కాదు.

అలా ఉండగా బ్యాండుకి చెడ్డకాలం వచ్చింది. ఒక పెట్టెలో పాటలు నింపుకొచ్చి మీట నొక్కేవాళ్లు ఎక్కువయ్యారు. నలుగురికి భోజనం పెట్టి, వాళ్ల తగువులు తీర్చి పాడించుకునే ఓపిక ఎవరికీ లేదు. పాడే టీచరమ్మ, ఈ నెలలో ఏదీ కుదరకపోతే నేను వేరే బృందంలో చేరతానని మర్యాదగానే చెప్పింది. అప్పుడు క్లబ్బు మేనేజరు కబురుపెట్టాడు. ప్రతి శనివారం సాయంత్రం వాయించాలి, ముందు ఒకసారి వినిపించాలి. బావమరిదికి ఇది ఆఖరి అవకాశమని తెలుసు. ఇది పోతే డ్రమ్స్ అటక ఎక్కుతాయి. అచ్చాఫీసులో రోజంతా మిషను చెప్పినట్టు తను ఆడతాడు. తను చెప్పినట్టు పదిమంది కాళ్లు ఆడేది ఆ డ్రమ్స్ ముందే. దాన్ని వదులుకోదలచుకోలేదు.

వినిపించిన రోజు మొదట్లో అంతా బాగానే జరిగింది. పాట మధ్యలో మేనేజరు, బేస్ ఇంకాస్త పెంచండి అన్నాడు. బావ పెంచాడు. ఇంకాస్త అన్నాడు. పెంచాడు. డొల్ల గిటారు ఊళ పెట్టింది. కుక్క ఊళ కాదు, ఓడ ఊళ. వంటగదిలోంచి వంటవాళ్లు గరిటెలతో సహా బయటికొచ్చారు. మేనేజరు చెవుల్లోంచి వేళ్లు తీసి, వచ్చే శనివారం జనం రాకముందే మామూలు గిటారుతో వచ్చి మళ్లీ వినిపించండి, మా స్టోరులో ఒకటుంది, అది వాయిస్తేనే పని అని తేల్చేశాడు.

వాయించనని బావ కూడా తేల్చేశాడు.

ఆ వారమంతా ఇద్దరికీ ఇదే యుద్ధం. అచ్చాఫీసుకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి బావమరిది అడిగేవాడు. టీచరమ్మ చేత అడిగించాడు, అక్క చేత అడిగించాడు. బావ గోడ.

"ఒక్క శనివారం పట్టుకో బావా. నీ చేతులేమైనా అరిగిపోతాయా?"

"నా చేతులకేం కాదు."

"మరి దేనికవుతుంది?"

"నువ్వు నీ డ్రమ్స్ చూసుకోరా."

అడిగితే కాదని, మంచితనంతో లొంగదీద్దామనుకున్నాడు బావమరిది. శనివారం పొద్దున బావ ఆస్పత్రికి వెళ్లగానే, కొత్త తీగల పొట్లాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. అన్ని గిటార్లకీ కొత్త తీగలు వేసి, తళతళా తుడిచి పెడితే, మధ్యాహ్నం చూసి బావ కరగకుండా ఉంటాడా? అక్క కూడా మెచ్చుకుంది. అతను సోఫా మీదవీ బీరువాలోవీ అన్నీ హాల్లోకి చేర్చి, ముందు పాత తీగలన్నీ ఊడబీకేశాడు. ప్రతిదానిలోంచీ ఒక చిన్న చెక్కముక్క టక్కున కిందపడింది.

అది బ్రిడ్జి. తీగల్ని ఎత్తిపట్టే ముక్క. మామూలు గిటారుకి దాన్ని మరలతో బిగిస్తారు. ఈ రకానికి మర ఉండదు, జిగురు ఉండదు; తీగల బిగువే దాన్ని నిలబెడుతుంది. ఎక్కడ నిలబడాలో వెంట్రుకవాసి తేడా వచ్చినా శ్రుతి గంగలో కలుస్తుంది. అందుకే ఒక తీగ తీసి, అది వేశాకే రెండోది తియ్యాలి. ఇదంతా డ్రమ్స్ వాయించేవాడికి ఎవరు చెప్పారు? అక్క ఇల్లు తుడుస్తూ ఆ ముక్కలన్నీ ఏరి, పోకుండా ఉంటాయని ఒకే గిన్నెలో పోసింది.

భోజనానికి వచ్చిన బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు కూడా విప్పకుండా వచ్చి నేల మీద కూర్చున్నాడు. గిన్నెలో చెయ్యి పెట్టి ముక్కల్ని కలిపాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. కానీ ఒక్కోదాని అడుగు దాని గిటారు పొట్టకి తగ్గట్టు అరగదీసినది.

"ఎవరి పన్ను ఎవరి నోట్లో పెట్టమంటావురా?" అన్నాడు.

తిట్టలేదు. అదే బావమరిదిని భయపెట్టింది. మధ్యాహ్నమంతా బావకి ఆస్పత్రిలో పని ఉంది కాబట్టి, సాయంత్రంలోగా ఒక్కటి కూడా తయారు కాదని ఇద్దరికీ అర్థమైంది. ఇష్టం లేకపోయినా బావ స్టోరు గిటారు వాయించక తప్పదు. ఏ పని వారమంతా బతిమాలినా కాలేదో, అది ఒక పొరపాటుతో అయిపోయింది. బావమరిది విచారంగా మొహం పెట్టడానికి చాలా కష్టపడ్డాడు.

క్లబ్బులో మేనేజరు బావని ముందు వరసలో నిలబెట్టాడు. గట్టి చెక్క గిటారు మెడలో పడింది. బావమరిది ఎడమ పక్క ఎన్నాళ్లకో ఖాళీ అయింది. హాయిగా మోచేతులు చాపుకున్నాడు, కర్రలు ఎత్తాడు, పాట మొదలైంది. బల్లల మీద గ్లాసులు అదిరాయి. మేనేజరు తల ఊపాడు.

రెండు చరణాలు కూడా కాలేదు, బావమరిదికి కాళ్ల కింద నేల కదిలినట్టయింది. చుట్టూ మోత ఉంది, మోతలో దెబ్బ ఎక్కడ పడుతోందో తెలియడం లేదు. వెనకబడ్డాననుకుని వేగం పెంచాడు. టీచరమ్మ బస్సు తప్పిపోతున్నట్టు పాట వెంట పరిగెత్తింది. ఎక్కువైందనుకుని తగ్గించాడు. ఆవిడ ముందుకి వెళ్లిపోయింది. పాటని నలుగురూ నాలుగు చోట్ల ముగించారు.

మేనేజరు మంచివాడు. మీకు ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. బావమరిది కర్రలు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. ఎన్నో ఏళ్లుగా కళ్లు మూసుకుని వాయించిన పాట అది.

"పది నిమిషాలివ్వండి," అన్నాడు బావ.

ఆయన వ్యానులోంచి ఒక సంచీ తెచ్చాడు. అందులో తేనెరంగు గిటారు, అక్క గిన్నె, కొత్త తీగల పొట్లం, పళ్లు చూసే చిన్న అద్దం. బల్ల దీపం కింద కూర్చుని, ఒక్కో ముక్కనీ గిటారు పొట్ట మీద నిలబెట్టి, అద్దం అడుగున పెట్టి సందు చూస్తూ, కుదరనిది పక్కన పడేశాడు. టీచరమ్మ తీగలు విప్పి అందించింది. వడ్డనవాళ్లు చుట్టూ చేరారు. ఫిడేలుకి ఆపరేషనా అని ఒకడు అడిగాడు. చివరికి ఒక ముక్క గాలి కూడా దూరకుండా కూర్చుంది. బావ తీగలు బిగించి శ్రుతి చూసుకుని, ముందు వరసకి వెళ్లకుండా కుర్చీ ఈడ్చుకొచ్చి బావమరిది ఎడమ పక్కన ఇరికాడు. గిటారు మొదలు కుర్చీ వీపుకి ఆనించాడు.

మేనేజరు, అది మళ్లీ ఊళ పెడుతుందని గుర్తుచేశాడు.

"అంత గట్టిగా వాయించను. మీకు మోత కావాలా, జనం లేచి ఆడటం కావాలా?" అన్నాడు బావ. బావమరిది వైపు తిరిగి, "కొట్టు," అన్నాడు.

మొదటి దెబ్బ బావమరిదికి వెన్నెముకలో తెలిసింది. చెవుల్లోకి రాలేదు, కుర్చీలోంచి నడుముకి, నడుములోంచి చేతులకి వచ్చింది. దుమ్. ఎప్పటిలాగే. రెండోది ఎక్కడ పడాలో అక్కడే పడింది, మూడోది కూడా. చేతులు వాటంతట అవే నడిచాయి. చరణం మధ్యలో ఉండగా అతనికి సంగతి వెలిగింది. ఈ బేస్‌ని అతను విని చాలా ఏళ్లయింది. ఇన్నాళ్లూ ఆనుకుని కూర్చున్నాడంతే. అచ్చాఫీసు మిషను చెవుల్ని ఎప్పుడు తినేసిందో తనకి తెలియదు. లోకం గొణుగుతోందనుకున్నాడు.

పాట అయ్యేసరికి వడ్డనవాళ్లు పళ్లేలతోనే ఊగుతున్నారు. మేనేజరు తన కాలు ఆడుతోందని ఆలస్యంగా గమనించి ఆపుకున్నాడు. పెంచమని ఇంక అడగలేదు. వచ్చే శనివారం ఆరింటికల్లా వచ్చెయ్యండి అని మాత్రం అన్నాడు.

వ్యానులోకి సామాను ఎక్కిస్తున్నప్పుడు బావమరిది నోరు విప్పాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మీ ఆఫీసుకి కొత్త మిషను వచ్చిన ఏడాది నుంచి. నువ్వు పాటలో దారి తప్పుతుంటే దగ్గరికి జరిగాను. గిటారు నీ కుర్చీకి తగిలింది, నువ్వు దార్లో పడ్డావు. గట్టి చెక్కయితే ఇంతలా వణకదు."

"చెప్పొచ్చుగా."

"చెబితే మర్నాడే డ్రమ్స్ అమ్మేసేవాడివి. నీ పౌరుషం నాకు తెలీదా? సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. వాడు నా స్నేహితుడే. పేచీ పెట్టకు."

బావమరిది పేచీ పెట్టలేదు. డ్రమ్ముని ఒకసారి అక్కర్లేకుండా తుడిచాడు.

"అయితే బావా, ఆ గిటార్లన్నీ నా కోసమేనా?"

బావ కొంచెం ఆలోచించాడు.

"ఒకటి నీ కోసం. మిగతావన్నీ నా పిచ్చి," అన్నాడు. తరవాత అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగాడు. "మీ అక్కతో మాత్రం అన్నీ నీ కోసమేనని చెప్పు. ఇంకోటి చూసి పెట్టాను, ఆకుపచ్చది."

బావమరిది చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏంటి బావా? వినపడలేదు," అన్నాడు.