సముద్రం దాకా ఆంటీ డ్రైవింగు

మా కింది ఫ్లాట్ ఆంటీ మొన్న ఆదివారం, చర్చికి బయల్దేరే వేళకు కాస్త ముందు పోయారు. ఎక్కడికైనా అందరికంటే ముందే చేరుకోవడం ఆమె అలవాటు. ఫోన్లో వార్త చెప్పిన వాళ్లబ్బాయి హిందీలో మొదలుపెట్టి, సగంలో తెలుగులోకి వచ్చి, అక్కడ ఆగిపోయాడు.

సంతాపం రాస్తున్నాను కాబట్టి నేను గంభీరంగా ఉండాలి. ప్రయత్నిస్తాను.

ఆంటీది బాపట్ల వైపు. ఢిల్లీ ఆసుపత్రుల్లోనే జీవితం గడిపి హెడ్ నర్సుగా రిటైరయ్యారు. వసంత్ కుంజ్‌లో ఆమె పై ఫ్లాట్‌లో అద్దెకున్న మా యూనివర్సిటీ మూకకు జ్వరమొస్తే చారు, పరీక్ష తప్పితే చివాట్లు, రెండూ వేడివేడిగా అందేవి. దేనికి భయపడినా "సూది పడకముందే అరవకురా" అనేవారు.

ఆమెకున్నది ఒకటే కోరిక, కారు నడపాలని. అంకుల్ ఉన్నన్నాళ్లూ స్టీరింగు ముట్టనివ్వలేదు. ఆయన పోయాక లైసెన్సుకు వెళ్లబోతే కళ్ల డాక్టరు అడ్డం పడ్డాడు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది, రోడ్డెక్కొద్దన్నాడు. సరిగ్గా అప్పుడే గుర్‌గావ్ వైపు పాతకార్ల మ్యూజియంలో సిమ్యులేటర్ పెట్టారు. టాపు లేని అసలైన పాత ఎర్ర కారు. అది కదలదు, ఎదురుగా గోడంత తెర మీద రోడ్డే కదులుతుంది. కొండలు దాటితే చివర్లో సముద్రం. ఇచ్చిన టైములో చేరితేనే దర్శనం.

"చూపు ఉండగానే ఆ సముద్రం డ్రైవరు సీట్లోంచి చూడాలిరా," అన్నారు ఆంటీ.

ఇక ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన ముగియగానే మా యాత్ర. తెర మీద బొమ్మ మనిషి రోడ్డు దాటుతుంటే ఆంటీ బండి ఆపి, "వెళ్లమ్మా" అని చెయ్యి ఊపేవారు.

"ఆంటీ, గుద్దినా ఏం కాదు. బొమ్మలేగా!"

"అలవాటు బొమ్మలతోనే మొదలవుద్దిరా, సన్నాసీ."

సముద్రం ప్రతిసారీ కొండ అవతలే ఉండిపోయేది. ఈలోగా చూపు తగ్గుతోంది. నాతో చెప్పలేదు గానీ, తెర అంచుల కోసం ఆమె తల తిప్పే తీరులోనే తెలిసిపోయింది.

చివరిసారి వెళ్లినప్పుడు ఆంటీ రెచ్చిపోయారు. కొండలన్నీ దాటేశారు. ఇంకొక్క మలుపు. అంతలో బయట, నిజం హైవే మీద, అంబులెన్స్ సైరన్ మోగింది. ఆంటీ ఇండికేటర్ వేసి, బండిని ఎడమకు తీసి, ఆపేశారు.

"ఆంటీజీ, వో తో బాహర్ హై!" అని అరిచారు వెనక లైన్లో ఉన్న సర్దార్జీ, ఆ మోత బయటిదంటూ.

"పతా హై బేటా," అన్నారు ఆంటీ, స్టీరింగు వదలకుండానే. "పేషెంట్ తో అస్లీ హై నా." బయటిదని తెలుసట, కానీ అందులో పేషెంటు మాత్రం నిజమేనట.

సైరన్ దూరమయ్యేసరికి టైమైపోయింది. తెర నల్లబడింది. ఆంటీ హ్యాండ్‌బ్యాగు అందుకున్నారు. సర్దార్జీ ఆమెను కాసేపు చూసి, ఆపరేటర్ వైపు తిరిగారు.

"భయ్యా, మేరీ బారీ భీ ఇన్‌కో దే దో."

తన వంతు ఆమెకిచ్చేశారన్నమాట. ఆపరేటర్ ఆగిన చోటి నుంచే రోడ్డు మళ్లీ వెలిగించాడు. ఆంటీ వెనకద్దం చూసుకుని, అందులో కనపడేది మేమే అయినా, నింపాదిగా బయల్దేరారు. మలుపు తిరిగింది. తెర నిండా నీలం.

హ్యాండ్‌బ్రేకు లాగి, అలా చూస్తూ ఉండిపోయారు. తర్వాత తలుపు తీసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మ్యూజియం టైల్సు మీద మెల్లగా పాదం మోపారు.