నీళ్లక్క కడిగిన ఇనుము

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదు (ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి). మేడ్చల్ దగ్గర సిమెంటు ఇటుకలు పోసే చోట కొత్త ఇంజినీరుని. ఇనుము చెక్కే లేతు మిషన్ల కింద రాలిపడే ఇనుప తునకలు కలిపి తేలికైన ఇటుక చేస్తానని సేటుకు మాటిచ్చాను. ఇనుము కలిపితే బరువు పెరగాలి కదా అని ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు. పైగా ఇటుకలు నిజంగానే తేలిగ్గా వచ్చాయి! ఆ తునకలకు నూనె జిడ్డు ఉంటుంది. నేనే సర్ఫు నీళ్లలో వేసి కర్రతో తిప్పి, జాడించడానికి బద్ధకించి, నురగతో సహా సిమెంటు కలిపే మిషన్లో పోసేవాణ్ణి.

సేటు మురిసిపోయి, ఇటుకలు కొనే పెద్దమనుషులను పిలిచాడు. వాళ్ల ముందు చెప్పాల్సిన ఉపన్యాసం రాసుకునే హడావుడిలో, కడిగే పని నీళ్లక్కకు అప్పగించాను. పోసిన ఇటుకలను రోజూ తడిపే ఆమెను అందరూ అలాగే పిలిచేవారు. "నురుగ వోయేదాంక కడగాల్నా సారూ?" అని అడిగింది పాపం. "గదిగూడ జెప్పాల్నా? అద్దం లెక్క మెరవాలె!" అని హుకుం జారీ చేశాను.

పెద్దమనుషులు వచ్చారు. అరగంట ఉపన్యాసం దంచి, నీళ్లక్క కడిగిన తునకలతో పోసిన ఇటుకను ఒంటిచేత్తో ఎత్తబోయాను. భుజం కలుక్కుమంది తప్ప ఇటుక లేవలేదు. "ఏంది సేటూ, తేలికదని ఇనుప దిమ్మె జూపిస్తున్నవ్?" అని ఒకాయన పగలబడి నవ్వాడు. నాకు అప్పుడే వెలిగింది. ఇన్నాళ్లూ బరువు తగ్గించింది నా ఇనుము కాదు, నేను వదిలేసిన నురగలోని గాలి బుడగలు! అయినా నా వేలు నీళ్లక్క వైపు లేచింది. "గీమె సక్కగ కడగలే సేటూ" అన్నాను. ఆమె నన్నొకసారి చూసి తల దించుకుంది. "ఇగ రేపటి సంది పనికి రాకు" అన్నాడు సేటు.

మూడు రోజులు అన్నం సయించలేదు. అంత సిగ్గు మళ్లీ ఎన్నడూ పడలేదు. నాలుగో రోజు సేటుకు నిజం చెప్పి, తినాల్సిన తిట్లు తిని, శామీర్‌పేటలో ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో గిన్నెలు తోముతోంది. తడబడుతూ అంతా చెప్పాను. "గది నాకు గప్పుడే ఎరుకైంది సారూ. మీరు కడిగినప్పుడు నురుగ పొంగుతుండె, నేను కడిగితె లేకపాయె. గంతమంది ముంగట జెప్తే మీ ఇజ్జత్ వోతదని ఊకున్న" అంది. నా పరువు కోసం! "పనికి రా అక్కా, సేటు పిలుస్తుండు" అన్నాను నేల చూస్తూ. "వస్త గని, ఈసారి ఎట్ల కడగాల్నో సక్కగ జెప్పుండ్రి" అని నవ్వింది.

ఇప్పుడు నురగను కొలిచి మరీ పోస్తున్నాం. కొత్తగా చేరిన ఇంజినీరు ఎవరైనా పనివాళ్ల వైపు వేలు చూపిస్తే, కోప్పడను. నవ్వొస్తుంది. మెల్లగా ఆ వేలు పట్టుకుని కిందికి దించుతాను. అది నాకు బాగా తెలిసిన వేలే.